కరెంటు పోయి వచ్చాక లినక్స్ ముందుగా తొలగించేది ఏమిటి, ఎందుకు?

గోదావరి డెల్టాలో ఆశ్వయుజం దాటిందంటే వాయుగుండాల కబురు మొదలవుతుంది. గాలి కాస్త గట్టిగా వీస్తే చాలు, కొబ్బరి మట్ట తీగల మీద పడి కరెంటు పోతుంది. లైన్‌మన్ వచ్చి సరిచేసేలోగా రెండు మూడుసార్లు వచ్చి పోతుంది కూడా. అమలాపురంలోనో పాలకొల్లులోనో బస్టాండు పక్కన ఉండే ఒక డీటీపీ సెంటర్‌ను తీసుకుందాం. అక్కడి కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంటుంది గాని దాని బ్యాటరీ ఎప్పుడో నీరసించి ఉంటుంది. పెళ్లి శుభలేఖకు అక్షరాలు సర్దుతూ ఉండగానే తెర నల్లబడుతుంది. నడుస్తున్న ప్రోగ్రాములకు తెరిచిన ఫైళ్లను మూసుకునే వ్యవధి ఉండదు. పని కోసం పక్కన పెట్టుకున్న తాత్కాలిక ఫైళ్లను తుడిచేసే అవకాశం అసలే ఉండదు.

కరెంటు తిరిగి వచ్చి మీట నొక్కగానే లినక్స్ మళ్లీ లేస్తుంది. లాగిన్ తెర కనిపించేలోగా జరిగే అనేక పనుల్లో ఒకటి, కిందటి బూట్ (అంటే యంత్రం లేచి మొదలవడం) నుంచి మిగిలిపోయిన తాత్కాలిక ఫైళ్లను తొలగించడం. డిస్కులో చోటు కోసమే ఈ పని జరుగుతుందని చాలామంది అనుకుంటారు. చోటు కలిసిరావడం నిజమే గాని, ఆ ఒక్క ప్రయోజనం కోసమైతే ఈ పనిని బూట్ సమయంలోనే చేయవలసిన అవసరం లేదు. మధ్యాహ్నం రెండు గంటలకు చేసినా సరిపోతుంది. బూట్ సమయంలోనే, అదీ సేవలు (తెర వెనుక నిలకడగా నడిచే ప్రోగ్రాములు) మొదలు కాకముందే దీన్ని ముగించాలనే పట్టుదలకు కారణం వేరే ఉంది. మిగిలిపోయిన ఫైళ్లలో కొన్ని, ఇప్పుడు బతికిలేని ప్రోగ్రాము ఇంకా బతికే ఉందని చెబుతూ ఉంటాయి. ఆ మాటను నమ్మే ప్రోగ్రాము ఒకటి లేవకముందే ఆ ఫైలు అక్కడ లేకుండా పోవాలి.

తాత్కాలిక ఫైళ్లన్నీ ఒక జాతివి కావు. ప్రింటుకు పంపే ముందు పేజీలను చిత్రాలుగా మార్చి పెట్టుకున్నవి, జిప్ ఫైలు విప్పినప్పుడు పరిచినవి, స్కానర్ నుంచి వచ్చిన ముడి చిత్రాలు — ఇవన్నీ వట్టి సరుకు. ఉంటే చోటు తింటాయి, పోతే ఎవరికీ తెలియదు. రెండో జాతిలో ఉన్నవి పరిమాణంలో చాలా చిన్నవి: ఫలానా ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) సంఖ్య ఇదీ అని రాసిపెట్టే పిడ్ ఫైళ్లు, ఈ వనరును నేను వాడుకుంటున్నాను అని చెప్పే లాక్ ఫైళ్లు, రెండు ప్రోగ్రాములు మాట్లాడుకోవడానికి తెరిచిన సాకెట్ ఫైళ్లు. వీటికి డిస్కులో పట్టే చోటు లెక్కలోకి రాదు గాని, వీటి వల్ల వచ్చే తంటా మొదటి జాతి గిగాబైట్ల కంటే పెద్దది.

ఒక లాక్ ఫైలును దగ్గరగా చూస్తే విషయం తేలికగా తెలుస్తుంది. గ్రాఫిక్ తెరను నడిపే ఎక్స్ సర్వర్ మొదలవగానే, తాత్కాలిక ఫైళ్లు ఉండే /టెంప్ డైరెక్టరీలో చుక్కతో మొదలయ్యే పేరుతో ఒక లాక్ ఫైలు రాస్తుంది. పేరులో తెర సంఖ్య, అంటే సాధారణంగా సున్నా, ఉంటుంది. దాని పరిమాణం సరిగ్గా 11 బైట్లు. పది స్థానాల వెడల్పులో కుడివైపుకు జరిపి రాసిన ప్రాసెస్ సంఖ్య, చివర ఒక కొత్త వరుస గుర్తు, అంతే. సంఖ్య 1187 అనుకుంటే, ముందు ఆరు ఖాళీలు, తరువాత నాలుగు అంకెలు. ఎక్స్ సర్వర్ మరోసారి మొదలైనప్పుడు ఈ ఫైలు కనిపిస్తే అందులోని సంఖ్యను చదివి, ఆ సంఖ్యతో ప్రాసెస్ ఏదైనా ఉందా అని లినక్స్ మూలభాగమైన కెర్నెల్‌ను అడుగుతుంది. ఇందుకు సున్నా సిగ్నల్ పంపుతుంది. అది ఎవరినీ కదిలించదు, ఉన్నారో లేరో మాత్రం తెలుస్తుంది. లేరని జవాబు వస్తే ఆ లాక్ ఫైలును తానే తుడిచి ముందుకు సాగుతుంది. ఉన్నారని వస్తే, ఈ తెర మీద సర్వర్ ఇప్పటికే నడుస్తోందని చెప్పి ఆగిపోతుంది.

ఈ పరీక్ష తెలివైనదే గాని, కరెంటు పోయి వచ్చిన యంత్రం మీద తప్పుడు ఫలితం ఇవ్వగలదు. బూట్ అయిన ప్రతిసారీ కెర్నెల్ ప్రాసెస్ సంఖ్యలను 1 నుంచి మళ్లీ మొదలుపెడుతుంది. అదే యంత్రం, అవే సేవలు, ఇంచుమించు అదే వరుస. కాబట్టి నిన్న ఎక్స్ సర్వర్‌కు పడిన 1187 నేడు ప్రింటింగ్ సేవకో నెట్‌వర్క్ సేవకో పడే అవకాశం బాగా ఎక్కువ. అప్పుడు ఎక్స్ సర్వర్ కెర్నెల్‌ను అడిగితే 1187 ఉందనే జవాబు వస్తుంది. అది ఎవరో అన్నది ఆ జవాబులో ఉండదు. ఇంటి నంబరు అదే, అందులో కాపురం ఉన్నవాళ్లు మాత్రం మారిపోయారు. తెర రాదు, దుకాణంలో ఎవరికీ కారణం అర్థం కాదు, మరోసారి రీబూట్ చేస్తే సంఖ్యలు కాస్త అటూ ఇటూ అయి తెర వస్తుంది. "రెండుసార్లు ఆన్ చేస్తే గాని లేవదు" అని చెప్పుకునే పాత యంత్రాల కథల్లో కొన్నింటికి మూలం ఇదే అయి ఉండవచ్చు.

ఇక్కడ డెల్టా కాలువల సంగతి ఒకటి బాగా నప్పుతుంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువల నీరే ఆధారం. నీరు పారుతున్నంత కాలం గుర్రపుడెక్కను, తూడును గట్టు మీది నుంచి లాగి పడేయగలరు. అడుగున పేరుకున్న పూడికను ముట్టుకోలేరు, లాకుల తలుపులకు మరమ్మతు చేయలేరు. అందుకే ఎండాకాలంలో కాలువలు కట్టేసి, జూన్‌లో నీరు వదిలేలోగా ఆ పనులు ముగిస్తారు. కంప్యూటర్‌కు బూట్ అలాంటి కట్టివేత కాలం. ఏ సేవా ఇంకా మొదలు కాలేదు, ఏ వాడుకరీ లాగిన్ కాలేదు. కాబట్టి /టెంప్‌లో ఉన్న ప్రతి లాకూ, ప్రతి సాకెట్టూ పాతదేనని సందేహం లేకుండా చెప్పగల ఏకైక సమయం అది. ఆ తరువాత నీరు వదిలినట్టే. ఇక వయసును బట్టి, ఊహను బట్టి ఏరుకోవడమే తప్ప నిశ్చయంగా చెప్పడానికి వీలుండదు. ఈ వ్యాసంలో వచ్చే సాంకేతిక వివరాలన్నీ ఈ ఒక్క తేడా చుట్టూ తిరిగేవే.

మూడు చోట్లు, మూడు ఒడంబడికలు

లినక్స్‌లో ఏ డైరెక్టరీ దేనికన్నది ఒక ప్రమాణ పత్రంగా రాసి ఉంది. దాని మూడో కూర్పు 2015లో వచ్చింది. దాని ప్రకారం /టెంప్‌లో పెట్టిన ఫైలు, ప్రోగ్రాము తరువాతిసారి నడిచేసరికి ఉంటుందని ఆ ప్రోగ్రాము ఆశించకూడదు. /వార్/టెంప్‌లో పెట్టినవి మాత్రం రీబూట్ దాటి నిలవాలి. మూడోది /రన్, ఈ బూట్‌లో నడుస్తున్న సేవల వివరాలు మాత్రమే ఉండే చోటు. 2011లో ఫెడోరా 15తో మొదలై మిగతా పంపిణీలకు (డెబియన్ వంటి లినక్స్ రూపాలకు) వ్యాపించిన ఈ /రన్ పూర్తిగా మెమరీలో ఉంటుంది. కరెంటు పోతే దానితోపాటే పోతుంది. పిడ్ ఫైళ్లలో చాలా భాగం ఇప్పుడు ఇక్కడికే చేరాయి కాబట్టి, పాత పిడ్ ఫైళ్ల బెడద చాలా వరకు పుట్టకుండానే తీరిపోయింది. సమస్యను తుడవడం కంటే అది మిగలని చోట పెట్టడం మంచి పరిష్కారమనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ లినక్స్ చరిత్రలో తక్కువ.

/టెంప్ విషయంలో మాత్రం పంపిణీలు చాలాకాలం తలోదారి పట్టాయి. పాత డెబియన్‌లో బూట్ సమయంలో నడిచే షెల్ స్క్రిప్టు ఒకటి /టెంప్‌ను ఊడ్చేది. ఎన్ని రోజులు తాకని ఫైళ్లను తొలగించాలో ఒక సెట్టింగ్‌లో రాసి ఉండేది. దాని విలువ సున్నా అయితే అన్నీ పోతాయి, మైనస్ ఒకటి అయితే ఏదీ పోదు. ఆ స్క్రిప్టును ఇప్పుడు చదివినా దాని జాగ్రత్త ముచ్చటేస్తుంది: లాస్ట్ ప్లస్ ఫౌండ్ డైరెక్టరీని, డిస్కు కోటా ఫైళ్లను వదిలేసేది, /టెంప్ కింద వేరే డిస్కు ఏదైనా తగిలించి ఉంటే అందులోకి దిగేది కాదు. రెడ్‌హ్యాట్ వైపు పద్ధతి వేరు. అక్కడ టెంప్‌వాచ్ అనే ప్రోగ్రాము రోజుకొకసారి నడిచి, /టెంప్‌లో 10 రోజులు, /వార్/టెంప్‌లో 30 రోజులు ఎవరూ ముట్టని ఫైళ్లను తీసేసేది. అంటే ఒకరు కట్టివేత కాలంలో పూడిక తీశారు, మరొకరు పారుతున్న కాలువలో తూడు లాగారు. రెండూ అవసరమే, ఒకదాని పని రెండోది చేయలేదు.

సిస్టమ్‌డీ వచ్చాక

ఇప్పుడు దాదాపు అన్ని ప్రధాన పంపిణీల్లోనూ ఈ రెండు పనులనూ, బూట్‌నూ సేవలనూ నడిపించే సిస్టమ్‌డీలో భాగమైన సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్ అనే ఒకే ప్రోగ్రాము చేస్తుంది, అయితే రెండు వేర్వేరు సేవల ద్వారా. మొదటిది సెటప్ సేవ. డిస్కులన్నీ తగిలించడం పూర్తయిన తరువాత, మామూలు సేవలు మొదలయ్యే ముందు ఇది ఒక్కసారి నడుస్తుంది; తీసేయవలసినవి ముందు తీసేసి, ఉండవలసిన డైరెక్టరీలను సరైన అనుమతులతో ఆ తరువాత సృష్టిస్తుంది. రెండోది క్లీన్ సేవ. ఒక టైమర్ దీన్ని బూట్ అయిన 15 నిమిషాలకు ఒకసారి, ఆ తరువాత రోజుకొకసారి లేపుతుంది. 15 నిమిషాల ఆలస్యం ఎందుకంటే, బూట్ అయిన వెంటనే డిస్కు మీద మిగతా పనుల రద్దీ ఉంటుంది. వయసు చూసి ఏరే పనికి తొందరేమీ లేదు.

ఏం చేయాలన్నది చిన్న చిన్న పాఠ్య ఫైళ్లలో, ఒక్కో పనికి ఒక్కో వరుసగా రాసి ఉంటుంది. వరుసలో మొదట పని రకం, తరువాత దారి, అనుమతులు, యజమాని, సమూహం, వయసు. చిన్న డీ అక్షరమైతే డైరెక్టరీ లేకపోతే సృష్టించు, వయసు మీరిన వాటిని క్లీన్ సేవ వచ్చినప్పుడు తీసేయి అని. పెద్ద డీ అయితే అదంతా చేస్తూనే, తొలగింపు ఆదేశం వచ్చినప్పుడు లోపలి సరుకునంతా ఖాళీ చేయి అని. చిన్న ఆర్ ఒక ఫైలును తీసేస్తుంది. పెద్ద ఆర్ డైరెక్టరీని దాని సంతతితో సహా తీసేస్తుంది. చిన్న ఎక్స్ అంటే దీని జోలికి పోవద్దని.

వీటన్నిటిలో ఎక్కువ శ్రద్ధగా చూడవలసింది రకం పక్కన చేరే ఆశ్చర్యార్థక గుర్తు. ఆ గుర్తున్న వరుస బూట్ సమయంలో మాత్రమే అమలవుతుంది. యంత్రం నడుస్తుండగా ఎవరైనా నిర్వాహకుడు అదే ప్రోగ్రామును చేత్తో మామూలుగా నడిపినా ఆ వరుస కదలదు. పైన చెప్పిన ఎక్స్ సర్వర్ లాక్ ఫైలును తొలగించే వరుసకు సరిగ్గా ఈ గుర్తు ఉంటుంది. కారణం తేలికే: అదే లాక్ ఫైలును బూట్‌లో తీస్తే అబద్ధం పోతుంది, తెర నడుస్తుండగా తీస్తే నిజం పోతుంది. కట్టివేత కాలానికీ పారకపు కాలానికీ ఉన్న తేడాను ఒక్క గుర్తులో పెట్టిన ఈ ఏర్పాటు, ఆ ప్రోగ్రాములోని అన్ని సౌకర్యాల కంటే విలువైనదని చెప్పవచ్చు.

ఇంకో నేర్పైన ఏర్పాటు కూడా ఉంది. చాలా సేవలకు సిస్టమ్‌డీ సొంత /టెంప్ కేటాయిస్తుంది; అసలు /టెంప్ చూస్తే అవి పొడవాటి పేర్లతో, ఆ పేరులో ఈ బూట్‌కు మాత్రమే చెందిన ఒక గుర్తింపు సంఖ్యతో కనిపిస్తాయి. ప్రతి బూట్‌కూ ఈ సంఖ్య మారుతుంది. అందువల్ల ఏది నేటిది, ఏది నిన్నటిది అనేది పేరు చూడగానే తేలిపోతుంది: బూట్‌లో పాతవన్నీ పోతాయి, ప్రస్తుత సంఖ్య ఉన్నవాటిని రోజువారీ క్లీన్ సేవ ముట్టుకోదు. ప్రాసెస్ సంఖ్యలాగా రేపు మరొకరికి దక్కే గుర్తు కాదు కాబట్టి, ఇందులో పొరపాటుకు తావు లేదు.

ఇంట్లో రాసుకున్న ఒక వరుస స్క్రిప్టు

ఈ ఏర్పాట్లు తెలియకనో నమ్మకం చాలకనో, చాలా దుకాణాల్లో, కాలేజీ ల్యాబుల్లో బూట్ చివర నడిచే స్క్రిప్టులో "/టెంప్ కింద ఉన్న నక్షత్రమంతా తుడిచేయి" అనే ఒక్క వరుస చేర్చి ఉంటుంది. చూడటానికి నిరపాయంగా ఉండే ఈ వరుస రెండు తప్పులు చేస్తుంది. ఆదేశాలను చదివి నడిపే షెల్‌లో నక్షత్రం గుర్తుకు 'అన్నీ' అని అర్థం, అయినా అది చుక్కతో మొదలయ్యే పేర్లను పట్టుకోదు. ఎక్స్ సర్వర్ లాక్ ఫైలు పేరు చుక్కతోనే మొదలవుతుంది కాబట్టి, తీయవలసినది మిగిలిపోతుంది. ఆ స్క్రిప్టు నడిచే సరికి సేవలు అప్పటికే మొదలై ఉంటాయి. వాటి సొంత /టెంప్ డైరెక్టరీల పేర్లకు ముందు చుక్క ఉండదు కాబట్టి, ఉంచవలసినవి పోతాయి. అప్పటి నుంచి ఆ సేవ ఒక తాత్కాలిక ఫైలు సృష్టించబోతే, అలాంటి ఫైలు గాని డైరెక్టరీ గాని లేదనే దోషం వస్తుంది. వెబ్ సర్వర్ నడుస్తున్నట్టే ఉంటుంది, ఫోటో అప్‌లోడ్ మాత్రం విఫలమవుతుంది. సేవను ఆపి మళ్లీ మొదలుపెడితే బాగుపడుతుంది, మర్నాడు రీబూట్ తరువాత మళ్లీ అదే గొడవ. ఇలాంటి వరుస ఎక్కడైనా కనిపిస్తే తీసేయడమే మంచిది.

వయసు అంటే ఏ గడియారం ప్రకారం?

బూట్ తొలగింపుకు నిశ్చయం ఆధారమైతే, రోజువారీ తొలగింపుకు వయసు ఆధారం. సిస్టమ్‌డీ సొంత నియమాల్లో ఇది /టెంప్‌కు 10 రోజులు, /వార్/టెంప్‌కు 30 రోజులు. ఫైలు వయసు చెప్పడానికి లినక్స్‌లో మూడు కాలముద్రలు ఉంటాయి: చివరిసారి చదివినది, లోపలి విషయం మారినది, పేరు అనుమతుల వంటి వివరాలు మారినది. మామూలుగా ఈ మూడూ గడువు దాటితేనే ఫైలు పోతుంది. ఒక్కటి కొత్తగా ఉన్నా నిలుస్తుంది. ఈ నియమం ఎంత అవసరమో ఒక ఆర్కైవ్ ఫైలును విప్పితే తెలుస్తుంది. అందులోని ఫైళ్లు ఎప్పుడో 2019లో రాసినవైతే విప్పిన తరువాత కూడా వాటి విషయపు కాలముద్ర 2019 అనే చూపిస్తుంది. అదొక్కటే చూస్తే ఇప్పుడే విప్పిన ఫైళ్లు ఆ సాయంత్రమే మాయమవుతాయి. వివరాల కాలముద్ర మాత్రం నేటిది కాబట్టి అవి బతుకుతాయి.

దీర్ఘకాలం నడిచే సేవలకు ఈ వయసు లెక్క ప్రమాదకరం. వారాల తరబడి ఆపకుండా నడిచే డేటాబేస్ తన సాకెట్‌ను మొదట్లో ఒకసారి సృష్టించి ఊరుకుంటుంది. పోస్ట్‌గ్రెస్ రూపకర్తలు దీన్ని ముందే ఊహించారు: ఆ సర్వర్ తన సాకెట్ ఫైలును, దాని లాక్ ఫైలును 58 నిమిషాలకొకసారి తాకి కాలముద్రను కొత్తది చేస్తుంది, /టెంప్ ఊడ్చేవారు పొరపాటున తీసేయకుండా ఉండటానికే. పక్కింటివారు పాడుబడిన కొంప అనుకోకుండా రోజూ గుమ్మంలో దీపం పెట్టినట్టు. అంత శ్రద్ధ లేని ప్రోగ్రాముల కోసం వేరే దారి ఉంది. డైరెక్టరీ మీద కెర్నెల్ లాక్ పట్టుకుంటే సిస్టమ్‌డీ-టెంప్‌ఫైల్స్ ఆ డైరెక్టరీలోకి దిగదు.

ఇక గడియారమే తప్పైతే? భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువు గట్టు మీద, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచి ఏరియేటర్లను నడపడానికి ఒక రాస్‌బెరీ పై బోర్డు పెట్టారనుకుందాం. నాలుగో తరం వరకు ఆ బోర్డులలో బ్యాటరీ గడియారం లేదు. కరెంటు పోయినంతసేపూ వాటికి కాలం ఆగిపోతుంది. లేచిన తరువాత ఎక్కడో భద్రపరచుకున్న పాత సమయంతో మొదలై, ఇంటర్నెట్ అందితే సరైన సమయానికి దూకుతాయి. గడియారం వెనుకబడి ఉంటే ఫైళ్లు భవిష్యత్తులో పుట్టినట్టు కనిపిస్తాయి, కాబట్టి ఏదీ పోదు. అది పెద్ద నష్టం కాదు. గడియారం పొరపాటున ఏళ్ల తరబడి ముందుకు దూకితే మాత్రం ఇప్పుడు వాడుతున్న ఫైళ్లతో సహా అన్నీ గడువు దాటినట్టే లెక్క. బూట్‌లో ఆశ్చర్యార్థక గుర్తుతో జరిగే తొలగింపుకు ఈ బాధ లేదు. అది వయసును అడగదు, బూట్ అయిందా లేదా అన్నదే చూస్తుంది.

కరెంటు పదే పదే పోయే ఊళ్లలో మరో చిక్కు ఉంది. క్లీన్ సేవ టైమర్ బూట్ నుంచి లెక్క మొదలుపెడుతుంది. పది నిమిషాలకోసారి యంత్రం ఆగుతూ ఉంటే 15 నిమిషాల గడువు ఎప్పటికీ రాదు, వయసు తొలగింపు జరగనే జరగదు. బూట్ తొలగింపు మాత్రం ప్రతిసారీ జరుగుతుంది.

భద్రత విషయంలోనూ అదే తేడా. /టెంప్‌లో అందరూ రాయవచ్చు; 1777 అనుమతుల్లోని మొదటి ఒకటి వల్ల ఒకరి ఫైలును మరొకరు తీసేయలేరు గాని, ఎవరి డైరెక్టరీని వారు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సర్వాధికారాలతో నడిచే ఊడ్పు ప్రోగ్రాము ఒక డైరెక్టరీలోకి దిగబోయే క్షణంలో, దాని స్థానంలో /ఈటీసీ వైపు చూపే లింకును పెట్టగలిగితే, ఆ ప్రోగ్రాము చేత్తోనే వ్యవస్థ సెట్టింగులు తుడిపించవచ్చు. డెబియన్‌లోని టెంప్‌రీపర్ అనే పాత ప్రోగ్రాము, ఈ భయం వల్లనే, నిర్వాహకుడు హెచ్చరిక చదివి చేత్తో అనుమతించేదాకా పని మొదలుపెట్టేది కాదు. 2012లో 3.6 కెర్నెల్‌తో వచ్చిన లింకుల రక్షణ ఇలాంటి ఎత్తుల్లో చాలావాటిని మూసేసింది. ఎవరూ లాగిన్ కాని బూట్ వేళ ఈ పన్నాగం పన్నడానికి అసలు మనిషే ఉండడు.

మెమరీలో /టెంప్

/రన్ లాగానే /టెంప్‌ను కూడా మెమరీలో పెట్టేస్తే బూట్‌లో తుడవడానికి ఏమీ మిగలదు. ఫెడోరా 2013లో వచ్చిన 18వ కూర్పుతో ఈ దారి పట్టింది. డెబియన్ 2025లో వచ్చిన 13వ కూర్పులో ఇదే నిర్ణయం తీసుకుంది. అంతకుముందు డిస్కు మీదే ఉంచి, పెద్ద డీ వరుసతో ప్రతి బూట్‌లోనూ ఖాళీ చేసేది. మామూలుగా దీనికి మొత్తం మెమరీలో సగం వరకు వాడుకునే అనుమతి ఉంటుంది. ఎస్‌డీ కార్డు మీద నడిచే బోర్డులకు ఇది వరమే, కార్డు మీద రాతలు తగ్గుతాయి. నాలుగు గిగాబైట్ల మెమరీ ఉన్న పాత డీటీపీ యంత్రంలో మాత్రం పరిమితి రెండు గిగాబైట్లు అవుతుంది; పట్టాదారు పుస్తకాలు, దస్తావేజులు పెద్ద రిజల్యూషన్‌లో స్కాన్ చేసే చోట అది నిండిపోవడం కష్టమేమీ కాదు. అలాంటి చోట దాన్ని డిస్కు మీదికి మార్చుకోవడంలో తప్పు లేదు.

డిస్కు మీద ఉన్నా మెమరీలో ఉన్నా, వాడుకరి పని /టెంప్‌లో ఉండటం ప్రమాదమే. దుకాణాల్లో ఇది తెలియకుండానే జరుగుతుంది. ఖాతాదారు మెయిల్‌లో పంపిన శుభలేఖను అటాచ్‌మెంట్ మీద నొక్కి నేరుగా తెరిస్తే, మెయిల్ ప్రోగ్రాము దాన్ని తరచూ /టెంప్‌లో పెట్టి తెరుస్తుంది. ఆపరేటర్ గంటసేపు దిద్ది, మధ్యమధ్య సేవ్ నొక్కుతూనే ఉంటాడు. ఆ సేవ్‌లన్నీ /టెంప్‌లోకే వెళతాయి. కరెంటు పోయి వస్తే బూట్ తన పని తాను చేస్తుంది, ముహూర్తం మాత్రం ఎల్లుండి ఉంటుంది. ఇక్కడ వ్యవస్థను తప్పు పట్టలేం. ఫైలు తెరవగానే సొంత ఫోల్డర్‌లోకి సేవ్ యాజ్ చేసుకోవడమే దారి.

బూట్ ముట్టుకోనివి

వాడుకరి హోమ్ డైరెక్టరీలోకి బూట్ తొలగింపు ఎప్పుడూ రాదు, రాకూడదు. అందుకే లిబ్రేఆఫీస్ తాను తెరిచిన పత్రం పక్కనే పెట్టే లాక్ ఫైలు కరెంటు పోయినా అలాగే మిగులుతుంది. రెండు యంత్రాలు ఒకే ఫోల్డర్‌ను పంచుకునే దుకాణంలో, రెండో యంత్రం నుంచి ఆ పత్రాన్ని తెరిస్తే వేరెవరో దిద్దుతున్నారనే సందేశం వస్తుంది. దాచిన ఫైళ్లను చూపించమంటే పత్రం పేరుకు ముందు లాక్ అనే మాట, చివర హాష్ గుర్తు ఉన్న ఫైలు కనబడుతుంది. తెరిచి చూస్తే వాడుకరి పేరు, యంత్రం పేరు, తెరిచిన తేదీ, వేళ ఉంటాయి. ఆ వేళ కరెంటు పోవడానికి ముందుదై, మొదటి యంత్రంలో పత్రం ఇప్పుడు తెరిచి లేకపోతే దాన్ని నిశ్చింతగా తీసేయవచ్చు.

ప్యాకేజీల లాక్ సంగతి దీనికి పూర్తిగా భిన్నం. డెబియన్ జాతి పంపిణీల్లో ప్యాకేజీలను అమర్చే డీపీకేజీ లాక్ ఫైలు ఎప్పుడూ అక్కడే ఉంటుంది. ఫైలు ఉండటం లాక్ కాదు, దాని మీద కెర్నెల్ దగ్గర పట్టు ఉండటం లాక్. ప్రాసెస్ చనిపోగానే, కరెంటు పోగానే ఆ పట్టు దానంతట అదే పోతుంది. కాబట్టి ఆ ఫైలును తుడిచేయమనే సలహా తప్పు. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయిన యంత్రానికి కావలసింది సగంలో ఆగిన ప్యాకేజీల అమరికను పూర్తి చేయమనే ఆదేశం.

పేరే లేని తాత్కాలిక ఫైళ్లు కూడా ఉంటాయి. కొన్ని ప్రోగ్రాములు ఫైలును తెరిచిన వెంటనే దాని పేరు తుడిచేసి, పేరు లేకుండానే వాడుకుంటాయి; 2013లో 3.11 కెర్నెల్ నుంచి మొదటే పేరు లేకుండా సృష్టించే వీలు కూడా వచ్చింది. ఇవి మిగిలిపోతే టెంప్‌ఫైల్స్‌కు కనబడవు. ఎక్స్‌ట్-4 ఫైల్ వ్యవస్థ వీటిని అనాథల జాబితాలో రాసుకుంటుంది; బూట్‌లో డిస్కును తగిలించేటప్పుడు ఆ జాబితా చదివి చోటును విడుదల చేస్తుంది.

కంటెయినర్లలో (ప్రోగ్రామును మిగతా యంత్రం నుంచి వేరుచేసి నడిపే డబ్బాల్లో) మాత్రం ఈ రక్షణ ఏదీ ఉండదు. కాకినాడలోనో భీమవరంలోనో ఇంజనీరింగ్ ల్యాబులో డాకర్ కంటెయినర్ లోపల కనబడని తెరతో బ్రౌజర్ పరీక్షలు నడుపుతుంటే, కంటెయినర్ హఠాత్తుగా ఆగి మళ్లీ లేచినప్పుడు బూట్ అనే దశే ఉండదు, సిస్టమ్‌డీ కూడా ఉండదు. లోపలి ప్రాసెస్ సంఖ్యలు చాలా చిన్నవి — 7, 12, 20 — కాబట్టి పాత లాక్ ఫైలులోని సంఖ్య మరొకరికి పడటం దాదాపు ఖాయం. కంటెయినర్ మొదలు స్క్రిప్టులో, తెర సర్వర్‌ను లేపే ముందు ఆ లాక్ ఫైలును పేరు పెట్టి తుడిచే వరుస ఉండాలి. అక్కడ కట్టివేత కాలాన్ని మనమే కల్పించుకోవాలి.

నియమాలు మార్చేటప్పుడు

పంపిణీతో వచ్చిన నియమాలు /యూఎస్ఆర్ కింద ఉంటాయి. వాటిని దిద్దకూడదు, తరువాతి అప్‌డేట్‌లో ఆ దిద్దుబాటు కొట్టుకుపోతుంది. అదే పేరుతో /ఈటీసీ కింద ఫైలు పెడితే దానిదే పైచేయి. ఏ ఫైలు చివరికి చెల్లుతోందో చూపించమని ఆ ప్రోగ్రామునే అడగవచ్చు. 2024లో వచ్చిన సిస్టమ్‌డీ 256వ కూర్పు నుంచి ఏమీ తుడవకుండా ఏం చేసేదో మాత్రం చెప్పే పరీక్ష పద్ధతి కూడా ఉంది. అదే కూర్పులో వచ్చిన పర్జ్ అనే ఆదేశం ఒక హెచ్చరికగా గుర్తుంచుకోదగినది. టెంప్‌ఫైల్స్ నియమాల ద్వారా సృష్టించిన వాటన్నిటినీ తొలగించడం దాని పని. ఆ నియమాల్లో /హోమ్ డైరెక్టరీని సృష్టించే వరుస కూడా ఉంది. ప్రోగ్రాము పేరులో తాత్కాలికం అని ఉంది కదా అని నడిపిన చోట హోమ్ డైరెక్టరీలే పోయాయి. వెంటనే వచ్చిన 256.1లో, ఏ నియమాల ఫైలుకు సంబంధించినవి తీయాలో చెబితే తప్ప ఆ ఆదేశం నడవకుండా మార్చారు. ఈ ప్రోగ్రాము పేరు చూసి మోసపోకూడదు: అది తాత్కాలికమైనవాటిని ఎంతగా చూసుకుంటుందో శాశ్వతమైనవాటిని సృష్టించడంలోనూ అంతే పాత్ర వహిస్తుంది.

మొదట చెప్పిన డీటీపీ సెంటర్‌కు వస్తే, దానికి కావలసిన మార్పు ఒక్క వరుసే. /ఈటీసీ కింద కొత్త నియమాల ఫైలులో, /వార్/టెంప్ లోపల స్కాన్ అనే డైరెక్టరీకి చిన్న డీ రకం, 0770 అనుమతులు, స్కానర్ వాడేవారి సమూహం, వయసు 7 రోజులు అని రాస్తే సరిపోతుంది. స్కానర్ ప్రోగ్రామును అక్కడికే రాయమని చెప్పాలి. కరెంటు పోయినా అందులోని స్కాన్లు డిస్కు మీదే ఉంటాయి, డైరెక్టరీని ఎవరైనా పొరపాటున తీసేసినా తరువాతి బూట్ దాన్ని అవే అనుమతులతో మళ్లీ నిలబెడుతుంది, వారం దాటిన స్కాన్లు వాటంతట అవే పోతాయి. పెద్ద డీ రాయకూడదు. రాస్తే గాలివాన రాత్రి కరెంటు వచ్చిన మరుక్షణం ఆ రోజు స్కాన్ చేసిన దస్తావేజులన్నీ వెళ్లిపోతాయి.